దూదిపింజ కదిలినంతసేపు

కర్పూరం వేసి కాచిన నువ్వులనూనె వాసన తగిలితే నా మోకాలి నొప్పి తగ్గదు గానీ దస్తగిరన్న మాత్రం గుర్తుకొస్తాడు. ఈ పొద్దున మా ఆవిడ గిన్నె పట్టుకొచ్చి "కాలు చాపండి" అంటూ నూనె రాస్తుంటే, పేటలో మా పత్తిమిల్లు వెనకాల నల్లరేగడి మీద ఇసక పోసి చదును చేసిన చెడుగుడు బరి కళ్ళముందుకొచ్చింది. ఆట మొదలయ్యే ముందు దస్తగిరన్న ఆ ఇసకలో కాళ్ళు బారచాపి కూర్చుని రెండు మోకాళ్ళకీ ఈ నూనే పట్టించేవాడు. అప్పటికతనికి నలభై. ఆ వయసులో చెడుగుడు ఆడేవాణ్ణి మీరెవరూ చూసి ఉండరు. నేను చూశాను.

యాభైల చివర్లో, అరవైల మొదట్లో మా వైపు పత్తిమిల్లుల వాళ్ళూ, పొగాకు షావుకార్లూ పోటీపడి జట్లు పెట్టేవాళ్ళు. మంచి ఆటగాడు కనబడితే మిల్లులో ఏదో ఒక కొలువు ఇచ్చి తెచ్చుకునేవాళ్ళు. దస్తగిరన్నకి గేటు కాపలా ఇచ్చారు, గేటు పక్కనే ఉండటానికి ఒక గదీ ఇచ్చారు. జీతం గేటుకి, పని బరిలో. పద్నాలుగేళ్ళు ఆడి, మా మిల్లు షావుకారుగారి బల్ల మీద కప్పులు నిలబెట్టాడు. నన్ను తూకం దగ్గర పెట్టారు. మాది మిరపతోటల ఊరు. నాకు ఇరవై రెండేళ్ళు, ఒళ్ళంతా పొగరు. లోకంలో నా అంత కూత ఎవరికీ లేదనుకునేవాణ్ణి.

ఆ పొగరు మొదటివారంలోనే దిగింది. చెడుగుడులో ఒకే ఊపిరి మీద కూతపెడుతూ అవతలి బరిలోకి వెళ్ళి, మనిషిని అంటుకుని, ఆ ఊపిరి తెగకుండానే మన గీత దాకా తిరిగి రావాలి. మధ్యలో గాలి పీల్చుకుంటే అవుటే. దస్తగిరన్న వాళ్ళు దూదేకులవాళ్ళు, తాతతండ్రుల నుంచి విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళు. అతను ఒక దూదిపింజని దారానికి కట్టి షెడ్డు దూలానికి వేలాడదీసి, నా మూతికి జానెడు దూరంలో ఉండేట్టు నన్ను నిలబెట్టి కూతపెట్టమన్నాడు. నేను మొహం ఎర్రబడేదాకా పెట్టి, ఎట్లా ఉందన్నట్టు చూశాను.

"రెండుసార్లు మింగావురా," అన్నాడు.

"ఏం మింగానన్నా?"

"గాలి. పింజ నీ మూతి వైపుకొచ్చింది, చూళ్ళా? కూత పోతున్నంతసేపు అది అటే పోవాలి. దొంగూపిరి తీస్తే ఇటొస్తది."

"అది రెఫరీకేం తెలుస్తుందన్నా?"

"నేను రెఫరీ సంగతి అడగలా నిన్ను."

అంతే. మళ్ళీ నిలబడమన్నాడు. అట్లా ఏడాదిపాటు రోజూ సాయంత్రం ఆ పింజ ముందు నన్ను నిలబెట్టాడు. తిట్టేవాడు, నెత్తిన మొట్టేవాడు, హుస్సేనమ్మ వదిన చేసిన జొన్నరొట్టె నాకే ముందు పెట్టేవాడు. నాకు ఆటంటూ ఏదైనా వచ్చిందంటే అది అతను పెట్టిన భిక్షే, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

ఆ వేసవి ఒంగోలులో పోటీలకి ముందు షావుకారుగారు మా ఇద్దర్నీ ఆఫీసుగదికి పిలిపించారు. పిలిపించకముందే నన్ను చాటుగా అడిగారు, దస్తగిరి స్థానంలో ముందుకెళ్ళి కూతపెడతావా అని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "చిత్తమండి" అన్నాను. ఆ సంగతి దస్తగిరన్నకి చెప్పలేదు. నెత్తిన చెయ్యిపెట్టి నేర్పినవాడి కాళ్ళకింద గొయ్యి తవ్వి, పక్కనే మంచివాడిలా నిలబడ్డాను.

షావుకారుగారు మెత్తగానే మొదలుపెట్టారు. "దస్తగిరీ, నీకు నలభై వచ్చినై. మోకాళ్ళు చూసుకుంటున్నావా? ఒంగోల్లో స్టేజీ మీద శాలువా కప్పిస్తా. గౌరవంగా కూర్చో. కుర్రాడు ఆడతాడు."

"శాలువా చలికాలం ఇప్పించండి, కప్పుకుంటా," అన్నాడు దస్తగిరన్న. "ఇప్పుడు ఎండలు మండిపోతన్నై."

షావుకారుగారి మొహం మాడిపోయింది. "వేళాకోళమా? రేపు నీవల్ల కప్పు పోతే?"

"పోతే గేటు తాళాలు, గది తాళం మీ బల్లమీద పెట్టి పోతా. ఆడలేనని నాకు తెలిసినరోజు నేనే చెబుతానండి. మీరు కంగారుపడబాకండి."

ఎదురుమాట్లాడే మనిషి ఆ గదిలో అంతకుముందు ఎవరూ ఉండి ఉండరు. షావుకారుగారు కూడా పంతానికి పోయి, సరే కానీయమన్నారు. బయటికొచ్చాక దస్తగిరన్న నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు నా వెనక గట్టిగా నిలబడరా, చాలు," అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం వదిన మాత్రం ఊరుకోలేదు. "కోడిపందేలకి ఇల్లు కాసినోళ్ళని చూశా గానీ, ఊపిరి మీద కాసినోణ్ణి నిన్నే చూస్తన్నా," అని రొట్టెల పెనం దభీమని దించింది.

ఒంగోలులో చివరి ఆట వేటపాలెం జట్టుతో పడింది. జనం గీత దాకా తోసుకొచ్చారు, నాలుగు వైపులా డప్పులు. ఆఖరి నిమిషానికి మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నేను అప్పటికే అవుటై గీత పక్కన కూర్చున్నాను. దస్తగిరన్న వంగి ఇసక చిటికెడు తీసుకుని నుదుటికి రాసుకుని లోపలికి వెళ్ళాడు. ఒకణ్ణి కాలితో అంటుకున్నాడు, ఇంకొకణ్ణి చేత్తో. మూడోవాడు వచ్చి నడుం పట్టేసుకున్నాడు. దస్తగిరన్న వాణ్ణి ఈడ్చుకుంటూ, పడి, ఇసకలో పాకుతూ గీత వైపు వస్తున్నాడు. నాకు మూరెడు దూరంలో అతని మొహం ఉంది. గీత ఇంకా బెత్తెడు ఉందనగా కూత తెగింది. చిన్న గుటక, దొంగూపిరి. నాకు స్పష్టంగా వినపడింది. మరుక్షణం అతని వేళ్ళు గీత మీద పడ్డాయి, రెఫరీ ఈల ఊదాడు, మావాళ్ళు గంతులేశారు.

దస్తగిరన్న ఒక్కసారి నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకుని, అందరితోపాటు గెలిచాం గెలిచాం అని అరిచాను.

అతను లేచాడు. మోకాళ్ళ ఇసక దులుపుకున్నాడు. కుడిచెయ్యి పైకెత్తి రెఫరీ దగ్గరికి నడిచాడు. "తెగిందండి," అన్నాడు. "గీతకి ముందే."

డప్పులు ఆగిపోయాయి. షావుకారుగారు కుర్చీ తోసుకుని పరుగెత్తుకొచ్చారు. "నీకేమన్నా పిచ్చెక్కిందా? ఎవరికీ వినపళ్ళేదు గదా!"

"నాకు వినపడిందండి," అన్నాడు.

కప్పు వేటపాలెం వాళ్ళు పట్టుకుపోయారు. ఎవరో తెచ్చిన శాలువా స్టేజీ మీద మడత విప్పకుండా ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే దస్తగిరన్న తాళాలు రెండూ షావుకారుగారి బల్లమీద పెట్టి, నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. వదిన మూట కడుతుంటే ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆవిడ నన్నే ఎగాదిగా చూసి, "చెయ్యెత్తకపోయుంటే ఈయనకి ముద్ద దిగేది కాదులే," అంది. అటకమీదున్న తాతలనాటి విల్లు దించి దుమ్ము తుడిచి అతని చేతికిచ్చింది. మిల్లు గేటు ముందునుంచే, తల వంచకుండా, ఆ విల్లు భుజాన వేసుకుని వెళ్ళాడు.

రెండేళ్ళకి నా పెళ్ళి కుదిరింది. పెళ్ళి పరుపు కోసం అతన్నే పిలిచాను. మా వాకిట్లో చాప పరిచి కూర్చుని విల్లు మీటుతూ దూది ఏకుతున్నాడు, జుట్టంతా తెల్లగా నూగు. నేను ఎదురుగా కూర్చుని ఎట్లాగో నోరు విప్పాను.

"అన్నా, ఆ రోజు నాకూ వినపడింది."

"తెలుసులేరా. నీ వంకే చూశాగా." విల్లు ఆపలేదు. "షావుకారుగారు నిన్ను ముందే అడిగిన సంగతీ తెలుసు."

నాకు ఏడుపొచ్చింది. "మరి అప్పుడే నన్ను తన్నకపోయావా?"

"తంతే నా వెనకెవడు నిలబడతాడు?" అని నవ్వాడు. ఆ తర్వాత విల్లు పక్కన పెట్టి నా కళ్ళలోకి చూశాడు. "ఆ రోజు తప్పుకోమని నువ్వు చెప్పినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నన్ను ఆటలోంచి దించే హక్కు షావుకారుకి లేదు, నీకూ లేదు. అది నాది. నేనే వాడుకున్నా. అయితే నీ ఊపిరి లెక్క నువ్వే చూసుకోవాలిరా, దానికి నేను రాను."

ఆ పరుపు మీద పాతికేళ్ళు పడుకున్నాను. తర్వాత బడిలో డ్రిల్లు మాస్టరుగా చేశాను, బోలెడన్ని ఆటలకి ఈల ఊదాను. శాలువాలు కప్పుతామని వచ్చినవాళ్ళని చలికాలం రమ్మని పంపించేశాను. దస్తగిరన్న పోయి చాలాకాలమైంది. మా వసారా దూలానికి మాత్రం ఇప్పటికీ ఒక దూదిపింజ వేలాడుతూ ఉంటుంది. ఇల్లు దులిపేటప్పుడు మా ఆవిడ దాన్ని పీకేస్తుంది, నేను మళ్ళీ కడతాను.

ఈ పొద్దున నూనె రాయడం అయ్యాక లేచి దాని ముందు నిలబడి కూత మొదలుపెట్టాను. మనసులో అంకెలు లెక్కపెడుతూ ముప్ఫై దాకా లాగాలని పంతం. పందొమ్మిది దగ్గర పింజ మెల్లగా నా మూతి వైపుకొచ్చింది. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. పక్కన ఎవరూ లేరు.

నేను కుడిచెయ్యి ఎత్తి, "పందొమ్మిది" అని పైకే అన్నాను.