విత్తనాలకు కాసిన కారు

ఏడు లక్షల కారును ఇంటికి తెచ్చుకోకముందే పోగొట్టుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. మా ఊళ్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరూ వచ్చి కలవండి.

మాది వర్ధన్నపేట పక్కన ఓ పల్లె. హనుమకొండలో డిగ్రీ చదివి వచ్చి, బాపుతో కలిసి పత్తి పండిస్తున్న రోజులవి. ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చట్టం, బ్యాంకు, కరెంటు బిల్లు అన్నీ నాకే తెలుసని బాపు నమ్మకం. ఆ నమ్మకం ఆయనకంటే నాకే ఎక్కువ ఉండేది.

ఆ యేడు వరంగల్‌లో పత్తి విత్తనాలు కొన్నప్పుడు దుకాణం సేటు ఒక చీటీ ఇచ్చి, పేరు రాసి డబ్బాలో వేయమన్నాడు. వేసి మరిచిపోయాను. పత్తి పూతకు వచ్చాక ఫోన్ మోగింది.

"తమ్మీ, లక్కీ డ్రాల మొదటి ఇనాం నీకే తగిలింది. కారు!"

ఆ తర్వాత కొన్నాళ్లు నేను నేల మీద నడిచిన గుర్తు లేదు. మా ఆవిడ సరితకు అప్పుడు ఆరో నెల, తొలి కాన్పు. ఏడో నెలలో తొర్రూరులోని తల్లిగారింటికి పంపాలి. బస్సు ఎక్కితే చాలు, ఆమెకు కడుపులో తిప్పేది. "నిన్ను మన కార్లనే తీస్కపోత" అన్నాను. సరిత నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆగలేక అత్తమ్మకు ఫోన్ చేసి, "మీరెవ్వలు రావద్దు అత్తమ్మా, మేమే మన కార్ల వస్తానం" అని కూడా చెప్పేశాను.

ఇక పొలం పని ఏం సాగుతుంది! మందు డబ్బా వీపుకు తగిలించుకుని సాళ్ల మధ్య అలాగే నిలబడిపోయేవాణ్ణి. పత్తి పూల మధ్య నుంచి తొర్రూరు పోయే ఖమ్మం రోడ్డు మెల్లగా సాగిపోయేది. చప్పుడు లేకుండా కారు జారుతూ ఉండేది. ముందు సీటులో సరిత, కిటికీలోంచి గాలి, గాలికి ఎగిరే ఆమె కొంగు, మాతో పాటే వచ్చే చెరువు నీళ్లు. దారిలో రాయపర్తి దాటేసరికి పాప కూడా పుట్టేసి వెనక సీటులో నిద్రపోతుండేది. నాకు కారు నడపడం రాదన్న సంగతి ఆ కలకు ఒక్కసారీ అడ్డు రాలేదు.

"ఓ పిలగా, మందు పత్తికి కొడ్తానవా, నీ కాళ్లకా?" అని బాపు అరిస్తే తప్ప ఆ కారు ఆగేది కాదు.

కారు తెచ్చుకోవడానికి నలుగురం బయల్దేరాం: నేను, సరిత, బాపు, పక్క పొలం మల్లన్న. మల్లన్నకు డ్రైవింగ్ వచ్చు. ఆయనా అదే దుకాణంలో విత్తనాలు కొని చీటీ వేసినవాడే. "నాకు తగలకున్నా నడిపే భాగ్యమన్న దొరికింది తమ్మీ" అన్నాడు. బాపు సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు.

దుకాణం ముందు తెల్లటి కారు మెరుస్తోంది. సరిత నెమ్మదిగా ముందు సీటులో కూర్చుని తలుపు వేసుకుంది. నేను లోపలికి వెళ్లి తాళం కోసం చేయి చాపాను.

"ఇస్త తమ్మీ. ముందుగాల పన్ను కట్టాలె," అన్నాడు సేటు.

"ఏం పన్ను?"

"ఇనాం మీద ఇన్‌కమ్ టాక్స్. ఏడు లక్షల కారుకు రెండు లక్షల పైననే అయితది. అది కట్టినంకనే నేను కారు ఇయ్యాలె. రూలు."

మామూలు మనిషైతే కంగారుపడేవాడు. నేను జాలిగా నవ్వాను. "సేటూ, మేం రైతులం. రైతుకు ఇన్‌కమ్ టాక్స్ ఏంది?"

"పంటకు లేదు తమ్మీ. గిది పంట కాదు గదా?"

"ఎందుకు కాదు? చీటీ దేనికిచ్చిండ్రు? విత్తనాలకు. విత్తనాలకు వచ్చింది పంట కాకుంటే మరేంది?"

దుకాణంలో ఉన్న రైతులంతా "అవు, పిలగాడు మంచిగ చెప్పిండు" అన్నారు. బాపు మీసం మీద చేయి వేశాడు. సేటు నాతో వేగలేక, లోపలి గదిలో లెక్కలు చూస్తున్న ఆడిటర్‌ను పిలిచాడు. ఆయన వచ్చి కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"కారుకు కలుపు తీసినవా?"

"లేదు సార్."

"మందు కొట్టినవా?"

"లేదు."

"మరి పంటెట్లయితది? డ్రాల తగిలింది లాటరీ లెక్కనే. రిటర్న్‌ల వేరే ఆదాయం కింద చూపియ్యాలె. వ్యవసాయం కింద రాస్తే నోటీసు ఇంటికొస్తది."

"అయితే విత్తనాల ఖర్చు తీసేసి లెక్క కట్టుండ్రి."

"ఇందుల ఏ ఖర్చూ తియ్యరు."

"నిరుడు పత్తిల మస్తు నష్టమొచ్చింది సార్. అదన్న తియ్యుండ్రి."

"తియ్యరు."

"మా ఆమెకు రూపాయి ఆదాయం లేదు. ఆమె పేరు మీద రాయుండ్రి."

"చీటీ మీద నీ పేరున్నది. ఆమె పేరున్నా గంతే. ఆదాయం లేనోళ్లకు గూడ ముప్పై శాతమే."

బాపు నా చెవి దగ్గరకు వచ్చాడు. "బర్లను అమ్ముదాం బిడ్డా. తక్కువపడ్డది మీ మామ దగ్గర తెస్త. ఏడు లక్షల బండి గదరా."

"నువ్వు ఊకో బాపూ, ఫికర్ చెయ్యకు. చట్టం మన దిక్కున్నది. వాళ్లే పిలిచి తాళమిస్తరు సూడు."

"నెలాఖరు దాక ఆగుత తమ్మీ," అన్నాడు సేటు. "అప్పటికి కట్టకుంటే రెండో చీటీ తీసి, అది తగిలినోళ్లకు ఇస్త."

ఇక సరితను కారు దింపే పని మిగిలింది. తలుపు తీశాను. సీటు బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. "తొర్రూరు వచ్చిందా?" అంది నవ్వుతూ.

"ఇంక రాలేదు. దిగు, బస్సుల పోదాం."

ఆమె బెల్టు విప్పుకుని దిగింది. ఆ ముఖం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అయినా బుద్ధి వచ్చిందా? నెలాఖరు దాకా గట్టు మీద వెల్లకిలా పడుకుని కలలు కన్నాను. ఈసారి కలలో కోర్టు. జడ్జిగారు ఒక పత్తికాయను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కాసిన చేనులోనే కారూ కాసింది, తాళం ఇచ్చేయండి" అని తీర్పు చెప్పేవారు. ఆడిటర్ కళ్లద్దాలు తీసి కన్నీళ్లు తుడుచుకునేవాడు. నేను పెద్ద మనసుతో క్షమించేసేవాణ్ణి.

నెలాఖరు పోయింది కానీ తీర్పు రాలేదు. ఒక పొద్దున ఇంటి ముందు హారన్ మోగింది. బయటికి పరిగెత్తాను. అదే తెల్లటి కారు, లోపల మల్లన్న. రెండో చీటీ ఆయనకు తగిలిందట. తన బర్లను అమ్మి, కొంత అప్పు తెచ్చి, పన్ను కట్టి తాళం తీసుకున్నాడు.

"ఏం జేద్దం తమ్మీ," అన్నాడు మొహమాటంగా, "నాకు డిగ్రీ లేకపాయె. కట్టుమన్నరు, కట్టిన."

ఏడో నెల వచ్చింది. కారెప్పుడొస్తుందని అత్తమ్మ రోజూ ఫోన్. సరిత నన్నేమీ అడగలేదు, నేరుగా వెళ్లి మల్లన్నను అడిగింది. అలా ఖమ్మం రోడ్డు మీద కారు చప్పుడు లేకుండా జారింది. ముందు సీటులో సరిత, కిటికీలోంచి గాలి, ఎగిరే కొంగు, చెరువు నీళ్లు. అచ్చం నా కలే. కాకపోతే నేను వెనక సీటులో, రెండు సంచుల మధ్య, ఒళ్లో సకినాల డబ్బాతో ఉన్నాను.

తొర్రూరులో అత్తమ్మ ఎదురొచ్చి కారును చేత్తో నిమిరింది. "మన కారు మస్తుగున్నది అల్లుడా!"

నేను నోరు తెరిచేలోపే సరిత అంది: "పంట మనదే అమ్మా. కోసుకున్నది మల్లన్న."

అందుకే పాఠకులారా, మీ అందరి సాక్షిగా భూమితల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకముందు నా సాళ్లలో, నా కళ్ల ముందు మొలిచినదాన్ని తప్ప దేన్నీ పంట అనను. ఇనాం తగిలిందని మళ్లీ ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు బర్లను సంతకు తోలి, ఆ తర్వాతే హలో అంటాను.