అక్క ట్రంకుపెట్టెలోని సినిమా కేసెట్టు

మా పెనుకొండ రాళ్లను ఇన్ని ఎండలకు నిలబెట్టిన దేవునికి, నా గొంతులోనే ఆగిపోయిన ఒక్క మాట కోసం ఇన్నేళ్లు ఓపిగ్గా కాచుకున్న ఆ తండ్రికి ముందుగా స్తోత్రం చెప్పుకుని మొదలుపెడతాను.

మొన్న ధర్మవరం నుంచి అక్క ఫోన్ చేసింది. పాత వీడియో కేసెట్లన్నీ మనవరాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిందట, మేం వయసులో ఉన్నప్పుడు చూసిన కత్తియుద్ధాల సినిమా కూడా అందులో ఉందట. "ఆదివారం ఆరాధన అయినాక రైలెక్కి రావే, కూర్చోని సూస్తాం" అంది. ఆ సినిమా సగం దాకానే ఉంటుందనీ, మిగతా సగం చెరిగిపోవడానికి కారణం నేనేననీ నాకు తెలుసు.

మా నాయన సంఘపెద్ద. మా ఇంట్లో సినిమా అన్న మాట కూడా పలికేవాళ్లం కాదు. కీర్తనలు పుస్తకం చూడకుండా చెప్పేది నేను, ప్రార్థనలో కునికిపాట్లు పడేది అక్క. అయినా అమ్మ నవ్వేది అక్క మాటలకే. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్నవాళ్లింటికి కోడలిగా వెళ్లిన అక్క, మా సంఘం సభలకని మొదటిసారి పుట్టింటికి వస్తూ ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఆ కేసెట్టు తెచ్చింది. పక్కనే శెట్టిగారింట్లో కేసెట్లు ఆడించే డెక్కు ఉంటే, అక్క చూడ్డానికి అక్కడికి వెళ్లింది. పెళ్లయిన బిడ్డను తానేమనగలనని నాయన ఊరుకున్నాడు. నేనూ మెల్లగా వెళ్లి గడప దగ్గర కూర్చున్నాను. యువరాజును గుహలో బంధించారు, రాకుమారి మగవేషం వేసుకుని గుర్రమెక్కింది, సరిగ్గా అప్పుడే స్త్రీల కూటంలో వాక్యం చదవాలని నాయన నాకు కబురు పంపాడు.

భోజనాల దగ్గర ఆ రాకుమారి ఏమైందని అడిగాను. "సినిమా పాపం గదే నీకు! ఆ పాపం నేను మోస్తాలే, నువ్వు పోయి వాక్యం సదువుకో పో" అంది అక్క. అమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్క మాట కంటే అమ్మ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

మర్నాడు సభల ఆఖరి ఆరాధన. హిందూపురం నుంచి వచ్చిన వీడియో అతని దగ్గర కేసెట్లు అయిపోయాయి. ఆదివారం, అంగళ్లన్నీ మూత. నాయన కంగారుపడుతుంటే నేను పరుగున ఇంటికి వెళ్లి, అక్క పెట్టె తెరిచి ఆ కేసెట్టు తెచ్చిచ్చాను, అక్కే ఇమ్మందని చెప్పాను. కేసెట్టు అంచున రికార్డింగు కాకుండా విరగ్గొట్టిన చోట అతను ఇంత ప్లాస్టరు ముక్క అంటించి కెమెరాలో పెట్టాడు. అక్క రెండోసారి చూస్తూ సగంలో ఆపి తెచ్చిన చోటు నుంచి మా ఆరాధన ఎక్కింది. దేవుని పనికే కదా ఇచ్చానని సర్దిచెప్పుకున్నాను. నా మనసుకు మాత్రం తెలుసు, అది దేవుని కోసం చేసిన పని కాదు.

అతను సంఘానికి నకలు తీసి అసలుది తిరిగిచ్చాడు. నేను గుట్టుగా చీరల కిందే పెట్టేశాను. అక్క వెళ్లిపోయింది. తిట్లతో ఉత్తరం వస్తుందని కాచుకున్నాను, రాలేదు. రెండేళ్లకు అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆనాటి ఆరాధనలో అమ్మ పాడిన పాట ఉన్న సంఘం నకలు బూజుపట్టి పాడైపోయింది. మిగిలింది అక్క దగ్గరిదే. కానీ అడగాలంటే ముందు ఒప్పుకోవాలి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాచిన ప్రతిసారీ ఆ అబద్ధం గుర్తొచ్చేది, అక్కకు మాత్రం చెప్పలేకపోయాను.

నేనిప్పుడు ఉంటున్న హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండ కొండ కిటికీలో చాలాసేపు తోడొచ్చింది, ఎర్రమంచి వైపు ఒకప్పటి చేన్లలో కార్ల ఫ్యాక్టరీ మెరుస్తోంది. ఈసారి చెప్పేస్తానని దారిపొడవునా ప్రార్థించుకుంటూనే ఉన్నాను.

పెద్ద టీవీలో సినిమా మొదలైంది. ప్రతి డైలాగూ అక్క ముందే చెప్పేస్తోంది. రాకుమారి గుర్రమెక్కింది. బొమ్మ ఒక్క ఊపు ఊగి, గీతలు పడి, మా మందిరం వచ్చింది. తెల్లచీర కట్టుకుని అమ్మ, పక్కన రెండు జడలతో నేను. అమ్మ పాట అందుకుంది. అక్క కూడా అందుకుంది. అమ్మ ఊపిరి తీసిన చోటే ఊపిరి తీస్తూ, దగ్గిన చోట ఆగుతూ పాడుతోంది. తెర మీద అమ్మ పక్కన నిలబడి పాడిన నాకే మూడో చరణం గుర్తు రాలేదు.

"అక్కా, ఆ కేసెట్టు నేనే..." అన్నాను.

"నువ్వే తీసింటావని సూసిన పొద్దే తెలుసులేవే. మనింట్లో నీకు తప్ప నా పెట్టె తెరిసే ధైర్యం యాడుండాది ఎవరికి?"

"మరి ఒక్క మాటన్నా అనలేదే?"

అక్క తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "అన్నానంటే నువ్వు కేసెట్టు అడుగుతావని. అమ్మ ఉన్నన్నాళ్లు నీ పక్కనే ఉండె. ఈడ నాకేముండాది, ఇదొక్కటే గదా. ఇయ్యబుద్ధి కాలే."

మనవరాలు అడగకుండానే ఆ పాటను నిమిషంలో నా ఫోన్‌కు పంపింది. ఆ రోజుల్లో ఒక పాట ఒక ఇంట్లో ఉంటే ఇంకో ఇంట్లో ఉండేది కాదు, అందుకే మనసులు అంత బిగుసుకుపోయేవేమో. ఇప్పుడు అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి. అయినా నిజం చెబుతాను, నా దగ్గర అమ్మ పాట మాత్రమే ఉంది, అక్క దగ్గర దాన్ని విన్న ఇన్నేళ్లూ ఉన్నాయి. వాటి మీద నాకు ఇంకా అసూయే. చదివే మీకూ అక్కో చెల్లెలో ఉంటే, ఈ పూట మోకరించినప్పుడు వాళ్ల పేరుతో పాటు నా పేరు కూడా ఒక్కసారి తలవండి, నాతో కలిసి ఆమెన్ అనండి.