చిక్కం

మా నాయన నిద్రలో పోయాడు. మార్కాపురంలో ఆ మాట చెబితే చాలు, ఎదుటివాళ్లు చేతులు జోడించి పుణ్యాత్ముడనేవాళ్లు. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. మంచాన పడలేదు, ఎవరి చేతా చాకిరీ చేయించుకోలేదు. పదిహేనేళ్లు నేనూ అదే మాట అందరికీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. ఆయన దుకాణంతో పాటు ఆయన పొట్టను, ఆయన గురకను కూడా తీసుకుని ఆయన కూర్చున్న చోటే కూర్చున్నాను.

మాది పశువుల దాణా దుకాణం. వేరుశనగ చెక్క, పత్తి చెక్క, తవుడు అమ్ముతాం. దుకాణంలో కూర్చునే మనిషి నిండుగా కనపడాలని మావాళ్ల పట్టింపు. యజమానే బక్కగా ఉంటే సరుకు ఏం బలంగా ఉంటుందని మా నాయన నవ్వుతూ అనేవాడు. ఒకరోజు బస్తాలు తూచే కాటా మీద ఎక్కి చూసుకుంటే నూట పద్నాలుగు కిలోలున్నాను. ఆ సంగతి ఇంట్లో చెబితే అమ్మ కంగారు పడలేదు, ఉప్పు తెచ్చి దిష్టి తీసింది.

నా గురక గురించి కూడా అమ్మకు అంతే మురిపెం. గురక పెట్టి నిద్రపోయేవాడికి మనసులో ఏ చింతా ఉండదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నాయన పోయినప్పటి నుంచి ఆమె మా గది తలుపు బయటే చాప వేసుకుని పడుకునేది. ఎందుకమ్మా, లోపల మంచం ఉంది కదా అంటే, అక్కడ గాలి బాగా తగులుతుందనేది. అక్కడ గాలి తగలదని నాకు తెలుసు. అయినా ముసలివాళ్ల చాదస్తాలు ముసలివాళ్లవి అని వదిలేశాను.

నా భార్య మాత్రం మురిసిపోలేదు. గురక ఉన్నట్టుండి ఆగిపోతుందని, ఊపిరి కూడా ఆగుతుందని, తర్వాత నీళ్లలో మునిగి తేలినవాడిలా ఒక్క గుటకతో గాలి పీల్చుకుంటానని చెప్పేది. ఆగినప్పుడల్లా ఆమె నన్ను కుదిపేదట. నాకేమీ గుర్తుండేది కాదు. గుర్తులేని తప్పుకు రోజూ పొద్దున్నే సంజాయిషీ చెప్పుకోవాలంటే ఎవరికైనా కోపం వస్తుంది. నాకు కొంచెం ఎక్కువే వచ్చేది.

నిద్ర సుఖమెరుగదంటారు. నా నిద్రకు సుఖమే కాదు, వేళా చోటూ కూడా తెలియకుండా పోయాయి. బేరం మధ్యలో కునికేవాణ్ణి. నోట్లో అన్నం ముద్ద ఉండగానే కళ్లు మూతపడేవి. దుకాణానికి వచ్చేవాళ్లు కుంభకర్ణుడని నవ్వుకుంటే నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం తల నిండా తవుడు కూరినట్టు ఉండేది.

పొదిలిలో పెళ్లికి పోయి వస్తూ బండి నడుపుతూనే నిద్రపోయాను. పట్టపగలు. వెనక నా భార్య ఉంది. బండి రోడ్డు దిగి కంకరలో జారి కంపచెట్టులోకి పోయింది. నాకేమీ కాలేదు. ఆమె మోచెయ్యి చీరుకుపోయింది. చీర కొంగుతో రక్తం అదుముకుంటూ రోడ్డు పక్కన కూర్చుని, ఏడవకుండా, అరవకుండా ఒక్క మాట అనింది.

"రాత్రంతా నీకు కాపలా కాస్తాండా. ఇంక పగలు కూడా కాయాల్నా?"

మరుసటి వారమే ఒంగోలు పోయాం.

అక్కడి డాక్టరు ఒంటి నిండా తీగలు అంటించి ఒక రాత్రి పడుకోబెట్టాడు. పొద్దున్నే కాగితాలు ముందేసుకుని తాపీగా చెప్పాడు. ఒళ్లు పెరిగితే కొవ్వు పొట్టలోనే చేరదట, మెడలోపల, నాలుక చుట్టూ కూడా చేరుతుందట. నిద్రలో కండరాలు వదులైనప్పుడు గొంతులో దారి మూసుకుపోతుందట. మెదడు ఉలిక్కిపడి లేపితే దారి తెరుచుకుంటుంది, కళ్లు మూతపడగానే మళ్లీ మూసుకుంటుంది. రాత్రంతా ఇదే తంతు. మీ ఇంట్లో ఇంకెవరికైనా గురక ఉందా అని అడిగాడు. మా నాయనకు అన్నాను. ఆయన ఎట్లా పోయారని అడిగాడు. "నిద్రలో" అని అలవాటు కొద్దీ గొప్పగానే మొదలుపెట్టాను. మాట మధ్యలోనే డాక్టరు ముందున్న కాగితాల వైపు చూశాను. ఆయన చావుకు కారణం ఇదేనని ఇప్పుడెవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడు. నాకు మాత్రం ఆ క్షణం నుంచి పడుకోవాలంటే భయం పట్టుకుంది.

ముక్కుకు తగిలించుకునే తొడుగు, దానికొక గొట్టం, గొట్టం చివర గాలి ఊదే యంత్రం ఇచ్చారు. గొంతులో దారి మూసుకోకుండా ఆ గాలి ఆపుతుంది. పగలు పడుకున్నా పెట్టుకోవాల్సిందే. బరువు తగ్గితే జబ్బూ తగ్గుతుందని, యంత్రం అవసరం ఉండకపోవచ్చని, కాకపోతే ఆ మాట ముందే ఇవ్వలేనని డాక్టరు చెప్పాడు. నా అంతట నేను మానేయకూడదని గట్టిగా హెచ్చరించాడు.

యంత్రంతో ఊపిరి ఆడింది, నిజమే. కానీ తల చుట్టూ పట్టీలు బిగించుకున్న ప్రతిసారీ నన్నెవరో పట్టుకొచ్చి కట్టేసినట్టే ఉండేది. పక్కకు తిరిగితే గొట్టం లాగేది. మాట్లాడదామంటే గాలి నోట్లోకి తన్నేది. నా ఇంట్లో, నా మంచం మీద నేను ఖైదీని. అమ్మ మాత్రం ఆ యంత్రంతో రాజీ పడింది. "సప్పుడు బాగానే వస్తాంది లే" అనింది. అదేం మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దుకాణం వెనక గదిలో అది తగిలించుకుని పడుకున్నాను. పుల్లలచెరువు వైపు నుంచి మేకల పెద్దాయన ఒకడు చెక్క కోసం వస్తుంటాడు. అతను నాకు మామ, నేను అతనికి అల్లుణ్ణి. చుట్టరికం చెక్క బస్తాల వరకే. నేరుగా లోపలికి వచ్చి నా తల దగ్గర నిలబడ్డాడు. కళ్లు తెరిచేసరికి మేకపిల్లను బేరం చేసేవాడిలా వంగి చూస్తున్నాడు.

"ఏందల్లుడా, నీకు చిక్కం కట్టినారు? ఎవురి చేలో పడి మేసినావు?"

పరాయి చేలో మేసే గొడ్డుకు, పాలు మాన్పించే దూడకు మూతికి కట్టే అల్లిక బుట్టనే మేం చిక్కం అంటాం. నేను తొడుగు పీకేసి, ఇది జబ్బుకు పెట్టుకునేదని, నవ్వులాట కాదని కసిరాను. అతను నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

"చిక్కం మూతికి కదా కట్టేది. ముక్కుకు కట్టినారేంది?"

ఆ రోజు అతనికి సరుకిచ్చి పంపేదాకా ముఖం మాడ్చుకునే ఉన్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. డాక్టరు అంతసేపు చెప్పింది ఆ మేకల మనిషి ఒక్క మాటలో చెప్పేశాడు. మూతికి కట్టుకోలేనివాడికి ముక్కుకు కట్టారు.

మరుసటి రోజు నుంచి దుకాణం తెరవకముందే నడక మొదలుపెట్టాను. మొదట వీధి చివరి దాకా పోయేసరికే ఆయాసం. యంత్రం పుణ్యమా అని కాస్త నిద్ర ఉండబట్టి కాళ్లు మాట విన్నాయి. రెండు నెలలకు ఊరి చివర పలకరాళ్ల ముక్కల గుట్టల దాకా పోయి రాగలిగాను. నా భార్య రాత్రి అన్నం మాన్పించి ఒక జొన్నరొట్టె, ఆకుకూర పెట్టేది.

అమ్మతోనే గొడవ. పప్పు అడుగున నెయ్యి దాచేది. టిఫిన్ డబ్బాలో భక్ష్యాలు పెట్టుకుని ఎండలో దుకాణానికి నడిచి వచ్చేది. వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకునేది. ఒకరోజు విసిగిపోయి, నన్ను కూడా నాయన దగ్గరికి పంపాలని ఉందా అని అరిచాను. ఆమె డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయింది. అరిచినందుకు రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు మళ్లీ నెయ్యి ఉంది.

బజారు అంతకంటే నయం కాదు. "చిక్కిపోయినావే" అని ఒకరు, షుగరా అని ఒకరు, ఇంకా పెద్దదేమైనానా అని కళ్లతోనే ఇంకొకరు. మా భాషలో చిక్కడమంటే సన్నబడటమూ అదే, దొరికిపోవడమూ అదే. తింటే జబ్బుకు చిక్కుతాను, మానేస్తే జనం నోటికి చిక్కుతాను. నన్ను చూసి సంతోషించింది ఒక్క కాటానే.

ఏడాది దాటాక తొంభై కిలోలకు వచ్చాను. ఒంగోలులో మళ్లీ పరీక్ష చేశారు. జబ్బు చాలా తగ్గింది, యంత్రం పక్కన పెట్టి చూడొచ్చన్నాడు డాక్టరు. పక్కకు తిరిగి పడుకోమని, బరువు తిరిగొస్తే ఇదీ తిరిగొస్తుందని చెప్పాడు. ఇంటికి రాగానే యంత్రాన్ని పెట్టెలో పెట్టేశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం ముఖం మీద ఏమీ లేకుండా నడవలో చాప వేసుకుని పడుకున్నాను. నా భార్య లోపల అప్పటికే నిద్రపోయింది. ఇన్నేళ్లలో నాకంటే ముందు ఆమె నిద్రపోవడం అదే మొదటిసారి.

ముక్కు కింద ఏదో తగిలి మెలకువ వచ్చింది. అమ్మ వేలు. నా పక్కన నేల మీద కూర్చుని ఉంది. రెండో చెయ్యి నా ఎదురొమ్ము మీద ఉంది. నాకు చిరాకు వచ్చింది. ఇన్నాళ్లకు ఇంత నిద్ర పడితే ఎందుకమ్మా లేపడం అన్నాను.

"సప్పుడు రాలేదు నాయనా," అనింది. నా వైపు చూడకుండా చెప్పింది. "ఆ రాత్రి మీ నాయన గురక ఆగిపోతే, అమ్మయ్య, ఈ పొద్దన్నా కంటి నిండా నిద్ర పోదామనుకోని, అటు తిరిగి పండుకుంటి."

ఇన్నేళ్లూ ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పుణ్యాత్ముడని జనం చేతులు జోడించినప్పుడల్లా పక్కనే కూర్చుని వింది. తలుపు బయట చాప, పప్పు అడుగున నెయ్యి, ఎండలో మోసుకొచ్చిన భక్ష్యాలు, అన్నీ ఆ చప్పుడు కోసమే. నీ తప్పేం లేదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది గానీ చెయ్యి తియ్యలేదు.

నేను మళ్లీ పడుకుని కళ్లు మూసుకున్నాను. నిద్ర రాలేదు. కాసేపటికి గొంతు బిగబట్టి, మెల్లగా, నాయన పెట్టినట్టే గురక పెట్టడం మొదలుపెట్టాను. ఎదురొమ్ము మీద చెయ్యి బరువై, జారిపోయింది. ఓరగా చూస్తే అమ్మ గోడకు తల వాల్చి నిద్రపోతోంది. అయినా గురక ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు.