మనుషులొద్దు, డబ్బాలు పంపుండ్రి

కేసముద్రంలో మా బజారుకు తెల్లవారేది మోతీబాయి పిండిగిర్ని మోతతోనే. మా అరుగు మీద కూర్చుంటే ఎదురుగా గిర్ని, దాని వెనక గదుల్లోనే ఆమె కాపురం. మధ్యలో ఒక్క తలుపు. ఎవరు జొన్నలు తెచ్చారు, ఎవరు గోధుమలు తెచ్చారు, ఎవరింటికి చుట్టాలొచ్చి పిండి ఎక్కువ పట్టించుకుంటున్నారు, అన్నీ నాకు కూర్చున్న చోటి నుంచే తెలుస్తాయి. తెలియకపోతే దాటి వెళ్లి అడుగుతాను. దూరమేముంది, ఒక సిమెంటు రోడ్డు.

మోతీబాయిది ఊరవతల లంబాడీ తండా. ఆమె భర్త బాల్‌సింగ్ మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. మోసీ మోసీ నడుము పట్టేశాక ఒక పాత గిర్ని కొని మా బజారులో పెట్టాడు. కూతురు అనిత బడికి వెళ్లే రోజుల్లోనే ఆయన జ్వరంతో పోయాడు. ఇక గిర్ని అమ్మేస్తుందనే అందరం అనుకున్నాం. దినాలు అయిపోయిన మరునాడు పొద్దున్నే మోటారు మోగింది. చేతిలో చాయ్ అక్కడే పెట్టి ఉరికాను. మోతీబాయి కొంగు నడుముకు బిగించి, కనురెప్పల మీద దాకా పిండితో నిలబడి ఉంది.

"ఏందే మోతీ, నువ్వే నడుపుతున్నవా?" అన్నాను.

"మరెవలు నడపాలె అక్కా? గిర్నికి మీసాలు కావాల్నా?" అంది.

ఆ రోజు నుంచి ఆమె గిర్ని మోతీ అయింది. కూతుర్ని ఇంటర్ దాకా చదివించి, కాటారంలో ట్రాక్టర్ నడుపుకునే రాకేశ్‌కి ఇచ్చి చేసింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ బాగుంటారు. కానీ మొదటి కాన్పు నిలవలేదు, ఆరో నెలలో పోయింది. అప్పుడు అనిత ఎంతగా ఏడ్చిందో, పక్కన కూర్చున్నదాన్ని నాకు తెలుసు. అందుకే రెండోసారి కడుపుతో ఉందనగానే మోతీబాయి కూతుర్ని ముందుగానే ఇంటికి తెచ్చుకుంది. ఈసారి బిడ్డ చేతికి రావాలి. ఆ ఇంట్లో ఇంకో మాట లేదు.

అనితకు ఎనిమిదో నెల నడుస్తుండగా లాక్‌డౌన్ వచ్చి పడింది. రైళ్లు ఆగిపోయాయి. యార్డులో లారీలు ఎక్కడివక్కడే నిలబడ్డాయి. రాకేశ్ కాటారంలోనే చిక్కుకుపోయాడు. కిరాణం, పాలు, గిర్ని మాత్రం నడుపుకోవచ్చని మైకులో చెప్పి వెళ్లారు. నడుపుకోవచ్చన్నారు గానీ నడపాలా వద్దా అన్నది ఎవరూ చెప్పలేదు. మోతీబాయి అలవాటు కొద్దీ నడిపింది.

అది మిరపకాయల కాలం. మామిడికాయ పచ్చడికి కారం సిద్ధం చేసుకునే రోజులు. ఈ బందు ఎన్నాళ్లుంటుందో అని ఊరంతా ఒక్కసారే మిరపకాయలతో గిర్ని మీద పడింది. గిర్నిలో కారం పడుతుంటే దగ్గని మనిషి ఎక్కడైనా ఉంటాడా? వచ్చినవాళ్లు దగ్గుతారు, రోడ్డు మీద పోయేవాళ్లు దగ్గుతారు, మా అరుగు మీద నేనూ దగ్గుతాను. ప్రతి ఏడూ అది మాకు పండగ లాంటి దగ్గు. ఆ ఏడు మాత్రం ఒకరు దగ్గితే పక్కవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఆ పక్కవాళ్లూ దగ్గేసరికి ఇంకొకరు జరిగారు. అట్లా జరిగీ జరిగీ కొందరు మా అరుగు మీదికే వచ్చేశారు.

ఆ గోలలో గిర్ని వెనక నుంచి ఇంకో దగ్గు వినిపించింది. అనితది. ఆగకుండా వస్తోంది.

మోతీబాయి చెయ్యి తొట్టి మీదే ఆగిపోయింది.

"కారం ఘాటే మోతీ, పరేషాన్ గాకు!" అని ఇవతలి నుంచి అరిచాను.

"గిది కారం దగ్గో, ఆ మాయదారి దగ్గో నాకెట్ల తెలుస్తదక్కా?" అంటూ మోటారు ఆపేసింది. ఎవరి మిరపకాయలు వాళ్లకు ఇచ్చేసి షట్టర్ దించేసింది. సాయంత్రానికి అనిత దగ్గు తగ్గిపోయింది. ఆశా కార్యకర్త స్వాతి వచ్చి చూసి జ్వరం గిరం ఏమీ లేదంది. అయినా షట్టర్ లేవలేదు.

రాకేశ్ ఫోన్ చేశాడు. నేను అప్పుడు వాళ్ల దొడ్డి గోడ దగ్గరే ఉన్నాను, కరివేపాకు కోసుకుంటూ. స్పీకర్ పెట్టుకొని మాట్లాడితే వినపడక ఏం చేస్తుంది?

"అత్తమ్మా, గిర్ని బంద్ పెట్టినవట. మంచి పని చేసినవ్. కాన్పు అయ్యేదాక ముట్టకు. నీకు దండం పెడ్త."

"ముట్ట బిడ్డా," అంది మోతీబాయి.

గిర్ని పక్కనే కిరాణం నడిపే మహిపాల్‌కి కూడా ఇది బాగా నచ్చింది. తండాల నుంచి, ఊళ్ల నుంచి జనం మా బజారుకు రావడం ఆగిందని సంబరపడ్డాడు. తన కొట్టుకు వచ్చేవాళ్లు మాత్రం జనం కింద లెక్క కాదు కాబోలు.

ఒకరోజు పొద్దున్నే మాన్‌సింగ్ వచ్చాడు. తండాలో పెద్ద మనిషి, మోతీబాయికి పెదనాన్న వరస. ముఖానికి తువ్వాల చుట్టుకొని, నెత్తిన జొన్నల డబ్బా పెట్టుకొని, పోలీసులకు కనబడకుండా చేనుగట్ల వెంబడి నడిచి వచ్చాడు. మూసి ఉన్న షట్టర్ ముందు డబ్బా దించి, పిలవకుండా కూర్చున్నాడు.

"ఏం పెద్దమనిషీ, గిర్ని బంద్ ఉన్నది తెల్వదా?" అని అడిగాను.

"తెలుసవ్వా. ఊకెనే చూసిపోదామని వచ్చిన."

"ఊకెనే చూడొచ్చినోడివి డబ్బా ఎందుకు తెచ్చినవయ్యా?"

ఆయన నవ్వాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. తండా దగ్గరున్న ఇంకో గిర్ని వాళ్లు కూడా మూసేసి ఊరికి పోయారట. రేషన్ బియ్యం ఉన్నాయి గానీ, పుట్టినప్పటి నుంచి జొన్నరొట్టె తిన్న ముసలివాళ్లకు రెండు పూటలా అన్నం పడటం లేదట. ఆయన భార్య చంద్రికి షుగరు. "అన్నం తింటె కండ్లు తిరుగుతున్నయ్ అంటది. తినకుంటె గోలీ ఎట్లేసుకుంటది? జొన్నలు ఉడకపెట్టి ఇచ్చిన. నోట్లె పండ్లు లెవ్వు గద, నమిలి మింగలేకపోయింది."

ఇంతలో షట్టర్ సగం లేచింది. మోతీబాయి కింద నుంచి వంగి చూసింది. పెదనాన్న లేచి గబగబా డబ్బా ఎత్తుకున్నాడు. "తియ్యకు బిడ్డా, తియ్యకు. ఇంట్ల కాన్పు పిల్ల ఉన్నది. నేను పోత."

ఆమె షట్టర్ పట్టుకొని అట్లాగే నిలబడింది. వెనక మధ్య తలుపు దగ్గర నుంచి అనిత గొంతు వినిపించింది.

"యాడీ, తాత పోతున్నడు. పిలువు." వాళ్ల భాషలో అమ్మను యాడీ అంటారు.

"నువ్వు లోపలికి నడువ్ ముందు!"

"నేను లోపల్నే ఉంట. నువ్వు పిలువు."

"నీకేమన్న అయితె నీ మొగనికి ఏం చెప్పాలె? నాకు నేనే ఏం చెప్పుకోవాలె?"

"అమ్మమ్మ కండ్లు తిరిగి పడితె ఏం చెప్పుకుంటవ్?"

చంద్రి అనితకు అమ్మమ్మ వరస. చిన్నప్పుడు ఆమె ఒళ్లోనే పెరిగింది. నా నోరు ఊరుకోదు కాబట్టి, ముసలామె కోసమైనా తియ్యమని రోడ్డు ఇవతలి నుంచే అందుకున్నాను. అటు నుంచి మహిపాల్ కూడా కొట్టులోంచి బయటికి వచ్చి నాతో వాదానికి దిగాడు.

"చూడక్కా, గిర్ని తీస్తె తండాలు తండాలే దిగుతయ్. బజారంతా అంటిస్తరు."

"జొన్నలు అంటిస్తయా రా?"

"జొన్నలు గాదు, మనుషులు!"

ఆ మాట అంటూ అతను చెయ్యి చూపించింది గిర్ని ముందటి గోడ వైపు. మామూలు రోజుల్లో అక్కడ డబ్బాలు వరసగా ఉంటాయి. పెళ్లిళ్ల కాలంలో, పండగల ముందు, మనుషులు డబ్బా వరసలో పెట్టి ఇంటికి పోయి పనులు చేసుకుంటారు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని దాటి ఇంకెవరూ ముందుకు జరగరు. మా గిర్ని దగ్గర అది చట్టం.

మోతీబాయి ఆ గోడను చూసింది. మహిపాల్‌ను చూసింది.

"మనుషులతోనే గద నీకు పరేషాన్?" అంది. "మనుషులొద్దు. పెదనాయినా, తండాల చెప్పు. మనుషులొద్దు, డబ్బాలు పంపుండ్రి."

పెదనాన్న డబ్బా మొదట పట్టి ఇచ్చి, ఆ పూటే ఏర్పాటు చేసింది. మధ్య తలుపుకు గిర్ని వైపు నుంచి గొళ్లెం పెట్టుకుంది. వంట, పడక అన్నీ బస్తాల మధ్యకే మార్చుకుంది. అనిత ఆ తలుపుకు అటు వైపు. ఆమెను చూసుకునే పని నాది. దొడ్డి గోడకు చిన్న సందు ఉంది, నాకు చాలు. మిరపకాయలు మాత్రం పట్టనని మోతీబాయి ఒట్టు పెట్టుకుంది. కారం గాలి తలుపు సందులోంచి కూడా దూరుతుంది.

మర్నాడు తండా నుంచి ట్రాక్టర్ వచ్చింది. ఒక్కడే డ్రైవరు, ట్రాలీ నిండా డబ్బాలు. అన్నీ నూనె డబ్బాలే, అన్నీ ఒక్క తీరే. ఏది ఎవరిదో కలిసిపోకుండా ఆడవాళ్లు తమ పాత లంగాల అంచులు చింపి పిడికి కట్టి పంపారు. ఒకదానికి ఎర్ర గుడ్డ మీద గవ్వలు, ఇంకోదానికి పచ్చ గుడ్డ మీద అద్దాలు. డ్రైవరు దించి వెళ్లిపోయాడు. గోడ వెంబడి అద్దాలన్నీ ఎండకు మెరుస్తూ నిలబడ్డాయి. మోతీబాయి ఒక్కో డబ్బాను తడిగుడ్డతో తుడిచి, జొన్నలు పోసుకొని, పట్టి, మళ్లీ అదే డబ్బాలో నింపి బయట పెట్టింది. మనిషి మొహం చూసే పనే లేదు.

రెండు రోజులకు కానిస్టేబుల్ బండి వేసుకొని వచ్చాడు.

"గిర్ని కాడ మస్తు గుంపున్నదని ఫోన్ చేసిన్రు. ఏది గుంపు?"

"ఇగో," అన్నాను డబ్బాలు చూపిస్తూ. "తండా తండానే ఉన్నది."

ఆయన ఆ వరస పొడవునా నడిచాడు. గుడ్డలు చూశాడు, గవ్వలు ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చివరికి లాఠీతో రెండు డబ్బాలను కొంచెం ఎడంగా జరిపి, "దూరం దూరం ఉండాలె. మాస్కులేవి?" అన్నాడు. మాస్కు లోపల నవ్వుతున్నాడని కళ్లే చెప్పాయి. మహిపాల్ కొట్టు లోపలికి వెళ్లి చక్కెర బస్తా సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఫోన్ చేసింది ఎవరో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

నా మిరపకాయల సంగతి కూడా చెప్పాలి. పచ్చడి కారం లేకుండా ఏడాది ఎట్లా గడుస్తుంది? డబ్బాలో మిరపకాయలు పోసి, పైన నాలుగు దోసిళ్ల గోధుమలు పరిచి, వరసలో పెట్టి వచ్చాను. కాసేపటికి గిర్నిలోంచి అరుపు.

"అక్కా! నీ గోధుమలకు ఘాటెక్కువున్నది, తీస్కపో!"

బజారంతా విన్నది. మా ఆయన హన్మంత్ మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. ఆ ఏడు కారం రోట్లో దంచుకున్నాను.

రోజులు అట్లా నడుస్తుండగా రాకేశ్‌కి సంగతి తెలిసింది. అత్తతో మాట్లాడటం మానేశాడు. అనితకు ఫోన్ చేసి, "మీ యాడికి నీకంటె జొన్నలే ఎక్కువైనయా?" అన్నాడట. అనిత నాకు చెప్పి ఏడ్చింది. తలుపుకు అటు పక్క మోతీబాయి కూడా విన్నది. గిర్ని కాసేపు ఆగింది. ఇక ఆగిపోయిందనే అనుకున్నాను. మళ్లీ మోగింది.

అనితకు నొప్పులు వచ్చింది ఒక మధ్యాహ్నం. నేను దొడ్డి నుంచి కేక వేశాను. స్వాతి వచ్చి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. మోతీబాయి మోటారు ఆపి మధ్య తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టింది గానీ తియ్యలేదు.

"నేను పోవచ్చునా స్వాతమ్మా? నేను ముట్టొచ్చునా దాన్ని?" అంది.

"జ్వరం లేదు, దగ్గు లేదు, మనుషుల్ల తిరగలేదు. తానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, మాస్కు పెట్టుకొని రా. జల్ది!"

మోతీబాయి అంత జల్దీగా స్నానం చేసి రావడం నేనెప్పుడూ చూడలేదు. చెవి వెనక ఇంకా పిండి ఉండనే ఉంది. మానుకోట దవాఖానలో లోపలికి పంపేముందు నర్సు అడిగిందట, పదిహేను రోజుల్లో ఎవరెవర్ని కలిశావని. "డబ్బాల్ని," అందట. నర్సు అర్థం కాక మళ్లీ అడిగిందట. "నిజమేనమ్మా, డబ్బాల్నే," అందట. తల్లీకూతుళ్లిద్దరికీ కరోనా పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు.

చీకటి పడేలోపు ఫోన్ వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల రంగెట్లుంది, జుట్టుందా, ముక్కు ఎవరిది, ఏడుపు గట్టిగా ఉందా అని అడుగుతుంటే, "అక్కా, జర ఊపిరి తీసుకోనియ్," అంది మోతీబాయి. మాటల మధ్యలో రెండో ఫోన్ వచ్చింది. కాటారం నుంచి. ఫోన్ చేసింది రాకేశ్ అని తర్వాత అనిత చెప్పింది. అన్ని రోజులకు, "అత్తమ్మా, తిన్నవా?" అన్నాడట.

బిడ్డతో ఇంటికి వచ్చిన రోజు ఆ మధ్య తలుపు తెరిచే ఉంది. నేను గడప దగ్గరే నిలబడి మెడ చాచి చూశాను. అనిత పడుకుని తల్లిని అడిగింది.

"రేపు గిర్ని తీస్తవా?"

మోతీబాయి పిల్ల అరికాలిని తన బొటనవేలితో రాస్తూ చెప్పింది.

"తీస్త. కానీ లేటుగ తీస్త. పొద్దుగాల దీనికి నూనె రాసి నీళ్లు పోసేది నేనే. ఒక్కసారి గిర్నిలకు పోయిన్నంటె మళ్ల తెల్లారేదాక దీన్ని ముట్ట. ఎత్తుకునేదంతా పొద్దుగాలనే ఎత్తుకుంట."

ఆ వేసవంతా మా బజారుకు ఆలస్యంగా తెల్లవారింది. గిర్ని ఇంకా మోగలేదేమని ఎవరూ అడగలేదు. నేను మాత్రం రోజూ అరుగు మీంచి అడిగేదాన్ని, నీళ్లు పోస్తుంటే పిల్ల ఈ రోజు బకెట్‌ను ఎన్ని తన్నులు తన్నిందని.