రేకుల ఇంట్లో లిక్విడ్ కూలర్

కామారెడ్డి షాపులో, ఏసీ కింద పరీక్షించినప్పుడు కంప్యూటర్‌లో కొత్తగా పెట్టించిన లిక్విడ్ కూలర్ నా ప్రాసెసర్‌ను అరవై డిగ్రీలు దాటనివ్వలేదు. ఆ నమ్మకంతో కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఎల్లారెడ్డికి తెచ్చాను. ఈ రోజు మా రేకుల ఇంట్లో ప్రాసెసర్ వేడి వంద దగ్గరికి పోయి, కంప్యూటర్ మూడుసార్లు ఆగిపోయింది. నాకు పనిచ్చే ఇంజినీరు సాయంత్రంలోగా అడిగిన ఇంటి త్రీడీ బొమ్మ సగంలోనే ఉంది. ఇవ్వకపోతే ఇక పని లేదన్నాడు.

కూలర్ వదిలే వేడిగాలికి అమ్మ తాను చుట్టిన బీడీలను చాటలో ఆరబెట్టింది.

"గాలెందుకు బందయిందే?"

"వేడికి తట్టుకోలేక ఆగిందమ్మా."

"జెర నడువనియ్యి బిడ్డా. బీడీలు సగమే ఆరినయ్."

ఇంజినీరుకు ఫోన్ చేసే ధైర్యం లేక, ఆలస్యమవుతుందని మెసేజ్ పెట్టాను. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను.

రేకుల కింద ఈ కూలర్‌తో పని పూర్తిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాదైతే బీడీలు ఆరేదాకా నడుస్తుంది.