రెండు వేళ్ల దూరం

మా అయ్యవారు పోయారన్న కబురు నాకు పలకల షెడ్డు దగ్గర తెలిసింది. బడికి పలకలు తెచ్చుకుందామని వెళ్లాను. రాయి చీల్చే చప్పుడు బయటికి వినపడలేదు. లోపల అందరూ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. "అయ్యవారు పొద్దున పోయినాడమ్మా," అని మేస్త్రీ చెప్పాడు. అరుగు మీద పళ్లు తోముకుంటూ కూలబడి, మళ్లీ లేవలేదట. షెడ్డులో ఆయన కూర్చునే చెక్కపెట్టె ఇంకా గోడవారనే ఉంది. ఐదేళ్లుగా దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆయనా కూర్చోలేదు.

అదెందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకుని, ఇవాళ ఆయన బళ్లోనే చిన్న తరగతులకు చెబుతున్నదాన్ని. మంచికి నా దగ్గర కరువు లేదు. కాని మా అన్న సంగతి దాచిపెట్టి ఆయన గురించి రాస్తే అది ఆయనకే నచ్చదు.

మద్రాసు పేపరు రైల్లో వచ్చి, స్టేషను నుంచి మార్కాపురం ఊళ్లోకి చేరేసరికి రెండు రోజులు పాతబడేది. బడి వదలగానే అయ్యవారు దాన్ని చంకలో పెట్టుకుని షెడ్డుకు వచ్చేవారు. రాయి చీల్చే మగవాళ్లకు, పలకలు అరగదీసే ఆడవాళ్లకు చేతులకే పని, చెవులు ఖాళీ. ఆ ఖాళీ చెవుల్లోకి ఆయన పేపరంతా చదివి పోసేవారు. యుద్ధమైనా, వేరుశనగ ధరైనా ఒకటే గొంతు. ఏదైనా కొత్త దేశం పేరు వచ్చిందంటే, మరునాడు బడి నుంచి ప్రపంచ పటం చుట్టి తెచ్చి గోడకు తగిలించేవారు. వేళ్లు ఆనించి దూరం కొలిచేవారు. లండను జానెడున్నర. రంగూను నాలుగు వేళ్లు.

"నేను కంభం దాటి పోలేదు గానీ, ప్రపంచమంతా చుట్టొచ్చినా," అనేవారు నవ్వుతూ. ఉత్త బడాయి కాదది. ఏ దేశంవాళ్లు ఏం తింటారో, ఏం కట్టుకుంటారో గడగడా చెప్పేవారు. పత్రికల్లో బొమ్మలు కత్తిరించి బడి గోడలకు అంటించేవారు. అందులో రంగూనులోని బంగారు గోపురం బొమ్మ ఒకటి. మా అన్న కూర్చునే చోటు సరిగ్గా దాని ఎదురుగానే. రాతిదుమ్ముకు నాయన దగ్గి దగ్గి పోయాక, ఆ పనిలోకి తాను పోనని అన్న మొండికేశాడు. రంగూను వెళ్లి బియ్యం మిల్లులో చేరాడు. అయ్యవారు స్టేషను దాకా వచ్చి సాగనంపారు. తానే వెళుతున్నంత సంతోషం ఆయన ముఖంలో.

అన్న రాసే జాబులు కూడా పేపరుతో పాటు షెడ్డులోనే చదివేవారు. ఒకదాంట్లో ఇలా రాశాడు. అయ్యవారు చూపించిన గోపురం నిజంగానే ఉంది, కాని దాని వెనక మేము పదిమందిమి పడుకునే కొట్టం బొమ్మలో లేదు, ఇక్కడివాళ్లకు మా మీద గుర్రుగా ఉంది, అది కూడా బొమ్మలో లేదు. అయ్యవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాడు ఉండేది ఒక సందులో. సందులో నుంచి చూస్తే సందే కనపడతాది. పేపరు దేశమంతా చూస్తాది," అన్నారు. షెడ్డులో అందరూ తలలూపారు. నేనూ ఊపాను. షెడ్డుకు పేపరు తెచ్చి చదివేది ఆయనొక్కడే మరి.

తర్వాత జపానువాళ్లు యుద్ధంలోకి దిగి రంగూను మీద బాంబులు వేశారు. అన్న దగ్గర నుంచి చిన్న జాబు వచ్చింది. ఓడలో చోటు దొరకడం లేదు, కొందరు అడవి తోవన నడిచి బెంగాలులోని చిట్టగాంగు చేరుతున్నారు, ఓడకోసం ఉండనా, నడవనా, అయ్యవారిని అడిగి రాయండి అని.

అమ్మ పటం ముందు నిలబడింది. అయ్యవారు రంగూను మీద చూపుడు వేలు పెట్టి, పక్కన మధ్య వేలు ఆనించారు, చిట్టగాంగు తగిలింది. "రెండు వేళ్లేనమ్మా. దారి పొడుగునా బసలు వేసినారంట, నీళ్లు పెట్టినారంట, పేపర్లో పడింది. మన శ్రీశైలం నడకే అనుకో," అన్నారు. శివరాత్రికి దోర్నాల మీదుగా నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం పోవడం మా ఊరివాళ్లకు అలవాటే. నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు అమ్మ నన్నెత్తుకుని నడిచింది. అన్న పన్నెండేళ్లకే నడిచాడు. కాబట్టి ఆ మాట మాకు బాగా తలకెక్కింది. అమ్మ ముఖం తేటపడింది. రెండు వేళ్లే, నడిచి రమ్మని జాబు అయ్యవారు చెప్పారు, నేను రాశాను. నా చేతిరాత బాగుంటుందని.

ఎండలు ముదిరాక, అన్నతో కలిసి బయలుదేరిన కంభం సాయిబు ఒక్కడే తిరిగి వచ్చాడు. తన ఇంటికి కూడా పోకుండా ముందు మా గడపలోకి వచ్చాడు. మనిషి ఎముకల గూడు. అయ్యవారికి కబురు పంపాము. ఆయన వచ్చి అడిగింది ఒకటే, తోవలో నీళ్లు లేవా అని.

"ఉన్నాయి అయ్యవారూ. శ్రీశైలం తోవలో నీళ్లున్న కాడ మనిషి బతుకుతాడు. ఆడ నీళ్లున్న కాడనే గుంపులు గుంపులు పడి సచ్చినారు, కలరాతో. మీ జాబు వానికి చేరింది. జేబులో పెట్టుకొని, ఇంగ రెండు వేళ్లే భాయి, అని నన్ను నడిపించుకొచ్చినాడు. ఆఖరికి వాడే ఆ నీళ్లు తాగినాడు."

అమ్మ గోడకు జారగిలబడింది. అయ్యవారు గడప దగ్గరే నిలబడి ఉన్నారు. "చూడని తోవన పొమ్మని చెప్పినానమ్మా. నీ కొడుకును నేనే పొట్టన పెట్టుకున్నా," అన్నారు. అమ్మ లేచి, ఇంటికొచ్చిన మనిషి గదా అని చెంబుతో నీళ్లు తెచ్చి అయ్యవారి ముందు పెట్టింది. ఆయన ఆ చెంబును చూస్తూ నిలబడ్డారు గాని తాగలేకపోయారు.

అమ్మ అనని మాట నేను అన్నాను. మీకు పటం తెలుసు గాని అడవి తెలియదు అయ్యవారూ అని. "నిజమేనమ్మా," అని వెళ్లిపోయారు. అంత మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను. కాని ఆ జాబు రాసిన చెయ్యి నాది, ఆ సంగతి మాత్రం ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఆయనకు రుణపడింది అక్షరాలకంటే దీనికే ఎక్కువ.

ఆ రోజునుంచి ఆయన షెడ్డులో పేపరు చదవలేదు. బళ్లో గోడలకున్న బొమ్మలన్నీ తడిపి గీకేశారు. ఏ దేశం పాఠం వచ్చినా, "చూసినోళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని ముందు ఊళ్లో ఆరా తీసేవారు. యాభై ఏళ్లు దాటిన మనిషి, బండెక్కి, కాలినడకన, బేస్తవారిపేట, గిద్దలూరు తిరిగి, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లను బతిమాలి తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. తాను పిల్లలతో పాటు కింద కూర్చుని వినేవారు. ఎవరూ దొరకని దేశమైతే, "ఇది నాకు తెలియదు, పుస్తకంలో ఇట్ల రాసినారు," అని చెప్పి చదివేవారు.

కంభం సాయిబునూ పిలిచారు. తోవలో ఒక బర్మా ముసలామె తననూ మా అన్ననూ ఇంట్లో దాచి మూడు రోజులు అన్నం పెట్టిందని అతను చెప్పాడు. బర్మావాళ్లందరూ మనవాళ్లను తరిమికొట్టారనే అప్పటిదాకా మేము విన్నాము. ఏం కూర వేసిందని అయ్యవారు అడిగారు. మురగబెట్టిన చేప నూరిన పచ్చడి అట, అన్న రెండోసారి అడిగి వేయించుకున్నాడట. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. అయ్యవారు పైపంచెతో ముఖం కప్పుకున్నారు. నేను ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అన్న పోయాక అమ్మ అన్నం మధ్యలో లేవకుండా తిన్నది ఆ పూటే.

అయ్యవారు పోయిన పదకొండో రోజు ఆయన భార్య నన్ను పిలిచి, చుట్టచుట్టిన ప్రపంచ పటం చేతిలో పెట్టింది. బళ్లో కొత్తది వచ్చాక పాతదాన్ని ఆయన ఇంటికి తెచ్చుకున్నారట. "రోజూ స్నానం చేసి, దీన్ని పరిచి, ఒక్క చోటనే వేళ్లు పెట్టుకొని కూర్చునేవాడమ్మా. ఎందుకో నాకు తెలీదు," అంది.

ఇంటికి తెచ్చి నేలమీద పరిచాను. దేశాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. రంగూనుకూ చిట్టగాంగుకూ మధ్య మాత్రం కాగితం అరిగి ఊడిపోయి, వెనకనున్న గుడ్డ తెల్లగా బయటపడింది. అక్కడ అడవి లేదు, కొండలు లేవు, పేర్లు లేవు. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని ఆ తెలుపు మీద పెట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు. సరిగ్గా పట్టాయి.