పొద్దున్నే మొండికేసే తాళం

2023 చలికాలం. పటాన్‌చెరులో హైవే పక్కనే నా దుకాణం. బండ్ల తాళాలు, ఇగ్నిషన్ స్విచ్‌లు బాగుచేయడం నా పని. మా సంగారెడ్డి వైపు డిసెంబర్ వచ్చిందంటే మనుషులకంటే ముందు తాళాలు బిగుసుకుంటాయి, నాకు గిరాకీ పెరుగుతుంది. ఇన్నేళ్లలో ఎన్ని తాళాలు విప్పానో గానీ, మొగులన్న మినీ బస్సు తాళం ఇచ్చినంత మజా ఇంకేదీ ఇవ్వలేదు.

మొగులన్నది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను తన సొంత మినీ బస్సులో పొద్దుటి షిఫ్టుకు పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీకి చేరవేస్తాడు. ఆ చలికాలం బస్సు పొద్దున్నే మొండికేయడం మొదలుపెట్టింది. తాళంచెవి లోపలికి పోతుంది, తిరగదు. ఆడవాళ్లకు హాజరు పోతోంది. ఇంకొక్కసారి లేటైతే వేరే బండి పెట్టుకుంటానని, కంపెనీకి బండ్లు కుదిర్చే కాంట్రాక్టర్ తేల్చి చెప్పేశాడు. ఆ బస్సు తప్ప మొగులన్నకు వేరే ఆధారం లేదు.

చిక్కేమిటంటే, బస్సు నా దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. నేను తిప్పితే హాయిగా తిరిగేది. పాతది అరిగిందేమో అనుకుని స్విచ్ మొత్తం మార్చాను. కొన్నాళ్లకే మళ్లీ వచ్చాడు.

"కొత్తది గూడ గట్లనే పట్టుకుంటున్నది జాఫర్ భాయ్. డూప్లికేట్ మాల్ ఏసినవా ఏంది?"

కోపం నషాళానికి అంటింది. ఆయన ఎదుటే తిప్పి చూపించాను.

"సూడు, దీనికేమైంది? నీ చేతిలనే ఏదో ఉన్నది మొగులన్నా."

"నా చేతిల ఏముంటది భాయ్. రేపు తెల్లారంగ మా ఇంటికొచ్చి నువ్వే తిప్పు."

సవాలు విసిరితే ఊరుకునే రకం కాదు నేను. మర్నాడు తెల్లవారుజామునే మఫ్లర్ చుట్టుకుని బైక్ మీద బయల్దేరాను. చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. మొగులన్న డ్రైవర్ సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టాడు. తిరగలేదు. నేను పెట్టాను. తిరగలేదు. నిజం చెప్పొద్దూ, నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఇన్నాళ్లు దాక్కున్న రోగం ఇప్పుడు కళ్లెదుటే ఉంది. మొగులన్న ముఖం మాత్రం పాలిపోయింది.

తాళంచెవి దూరే గొట్టాన్ని మేము బ్యారెల్ అంటాం. అందులో వరసగా చిన్న చిన్న రేకులుంటాయి, ఒక్కోదానికి ఒక సన్నని స్ప్రింగు. తాళంచెవి పళ్లు ఆ రేకుల్ని తమ తమ చోట్లకు నెడితేనే బ్యారెల్ తిరుగుతుంది. ఒక్క రేకు ఇరుక్కున్నా అంతే సంగతులు. తాళంచెవి బయటికి లాగి ఫోన్ లైటు వేసి చూశాను. దాని పళ్ల సందుల్లో తెల్లగా ఏదో ఉంది. వేళ్ల మధ్య రుద్దితే కరిగిపోయింది. వాసన చూశాను.

"అన్నా, తాళంల ఏమేస్తున్నవ్?"

"ఏం ఎయ్యలే."

వెనకాల నిలబడ్డ ఆయన భార్య మణెమ్మ నవ్వింది. "అబద్ధమెందుకు? శనివారం తలకు నూనె పెట్టుకుంటవ్, అదే చేత్తోని చాబీకి రాస్తవ్. తాళంల గూడ రెండు సుక్కలు పోస్తవ్."

"అది మురిపెమే. కొత్తది గదా, తుప్పు పట్టొద్దని."

"ఏం నూనె వదినా?"

"కొబ్బరి నూనె. సలికి గడ్డకడితే సీస ఎండల పెట్టి..." అంటూనే మణెమ్మ ఆగిపోయింది.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సీసాలో గడ్డకట్టే నూనె తాళంలో గడ్డకట్టదా మరి! పాత స్విచ్‌కూ ఇదే సేవ జరిగిందట. పొద్దెక్కి క్యాబిన్ వేడెక్కగానే నూనె కరిగి, నా దగ్గర తాళం బుద్ధిగా తిరిగేది.

రోగం దొరికింది గానీ టైము లేదు. బ్యారెల్ విప్పి కడగాలంటే గంట పడుతుంది. చౌరస్తాలో ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు, ఫోన్ మోగుతూనే ఉంది. మణెమ్మ స్నానానికి కాచిన నీళ్లు గిన్నెతో తెచ్చింది. వేడినీళ్లలో గుడ్డ పిండి బ్యారెల్ చుట్టూ అద్దాను. తాళంచెవిని నీళ్లలో ముంచి, తుడిచి, లోపల పెట్టి పట్టుకున్నాను. తీసి మళ్లీ ముంచాను. ఒకటి రెండుసార్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత కొంచెం కదిలింది. బలవంతం చేస్తే తాళంచెవి విరుగుతుంది, అందుకని మెల్లగా తిప్పాను. కటుక్కుమంది. డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగాయి.

బైక్ అక్కడే వదిలి, పనిముట్ల సంచితో నేనూ బస్సెక్కాను, అంత హుషారులో ఉన్నాను. కంపెనీ గేటు దగ్గర వేరే మినీ బస్సు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. కాంట్రాక్టర్ దాని డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. మా ఆడవాళ్లు పరుగున గేటు దాటాక సైరన్ మోగింది. కాంట్రాక్టర్ మావైపు చూసి, ఆ డ్రైవర్‌ను ఇక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు.

మొగులన్న స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "నా బండిని నేనే ఆపుకున్న గద భాయ్."

ఆయన వీపు నిమురుతుంటే నాకూ కళ్లు తడిశాయి. గేటు బయటే బ్యారెల్ విప్పి శుభ్రంగా కడిగి, గ్రాఫైట్ పొడి వేశాను. పెన్సిల్ ముల్లులో ఉండే నల్లటి పొడి లాంటిదే, అది చలికి గడ్డకట్టదు.

పట్టించుకోకపోతేనే తాళం పాడవుతుందని అంతవరకూ నమ్మాను. ఇప్పుడు చలికాలంలో ఎవరు తాళం తెచ్చినా పనిముట్టు ముట్టకముందే, దీన్ని ఎట్లా చూసుకుంటారని అడుగుతాను. కన్నబిడ్డలా చూసుకుంటామని గర్వంగా చెప్పినవాళ్ల తాళాన్నే ముందుగా విప్పుతాను.